మిషిగన్ సరస్సు లైట్‌హౌస్‌ల యాత్ర: దారి మంచిది, వ్యవధి చాలదు

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు వేసవిలో వెళ్లే హైదరాబాద్ తల్లిదండ్రుల కోసం మన నగరంలోని ఒక పర్యాటక సంస్థ మిషిగన్ సరస్సు తీరంలోని చారిత్రక లైట్‌హౌస్‌లను చూపించే బృంద యాత్రను నిర్వహిస్తోంది. గత జూలైలో నేనూ మావారూ ఆ యాత్రకు వెళ్లివచ్చాం. విమాన టికెట్, వీసా, ప్రయాణ బీమా ఎవరివి వారే చూసుకోవాలి. షికాగోలో బస్సు ఎక్కినప్పటి నుంచి తిరిగి షికాగోలో దిగేదాకా బస, ఓడ ప్రయాణం, ప్రవేశ రుసుములు, రెండు పూటల భోజనం సంస్థ బాధ్యత. నా అభిప్రాయం ముందే చెబుతాను. వారు ఎంచుకున్న దారి చాలా మంచిది, వెంట వచ్చిన సిబ్బంది ఓర్పు గలవారు, కానీ లైట్‌హౌస్‌ల సంఖ్య పెంచాలన్న ఆరాటంలో ఒక్కొక్క చోట నిలిచే సమయాన్ని బాగా కుదించేశారు. అక్కడ దీపం ఎలా వెలిగేదో, దాన్ని ఆరిపోకుండా ఎవరు కాచారో తెలుసుకున్నప్పుడే అంత దూరం వెళ్లినందుకు ఫలితం దక్కుతుంది. అందుకు తీరిక కావాలి, ఈ యాత్రలో కరువైంది అదే.

అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఐదు మహా సరస్సులలో పూర్తిగా అమెరికా భూభాగంలోనే ఉన్నది మిషిగన్ సరస్సు ఒక్కటే. దాని విస్తీర్ణం సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణ రాష్ట్రంలో సగం కంటే కాస్త ఎక్కువ. పొడవు 490 కిలోమీటర్లు దాటుతుంది, అత్యధిక లోతు 281 మీటర్లు. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించదు, గాలి లేచిన రోజున అలలు సముద్రపు అలలకు తీసిపోవు, అయినా గాలిలో ఉప్పు వాసన ఉండదు. బయలుదేరే ముందు బేగంపేటలో జరిగిన పరిచయ సమావేశంలో మందుల చీటీల గురించి, సామాను బరువు గురించి ఓపికగా చెప్పారు గానీ, ఒక మంచినీటి సరస్సుకు ఇన్ని దీపాలు ఎందుకు అవసరమయ్యాయో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి తెలియకుండా వెళితే మూడో లైట్‌హౌస్ దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

కారణం వర్తకం. 1825లో ఈరీ కాలువ తెరుచుకోవడంతో మహా సరస్సులకు న్యూయార్క్ రేవుతో నీటి మార్గం ఏర్పడింది. గోధుమలు, కలప, ఇనుప ఖనిజం నింపుకున్న ఓడలు ఈ సరస్సుల మీద బారులు తీరాయి. 1871 అక్టోబరులో షికాగో నగరం అగ్నికి ఆహుతైన తర్వాత, దాన్ని తిరిగి కట్టడానికి కావలసిన పైన్ కలప మిషిగన్ అడవుల నుంచి ఈ నీటి మీదుగానే ఎక్కువగా వచ్చింది. మంచు గడ్డకట్టే లోపల ఇంకొక్క సరుకు చేర్చాలన్న తొందరలో నవంబరు తుపానులకు ఎదురెళ్లి మునిగిన ఓడలు చాలా ఉన్నాయి. నది నోటి దగ్గర, ఇసుక తిన్నె దగ్గర, రేవు గట్టు చివర దీపం పెట్టక తప్పని పరిస్థితి అలా వచ్చింది. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ లేనన్ని లైట్‌హౌస్‌లు మిషిగన్ రాష్ట్రంలో ఉండటానికి మూలం ఇక్కడే ఉంది.

యాత్ర షికాగోకు ఉత్తరాన ఉన్న ఎవాన్‌స్టన్‌లోని గ్రోస్ పాయింట్ లైట్‌హౌస్‌తో మొదలవుతుంది. ఇంతకంటే మంచి ఆరంభం ఉండదు. 1860 సెప్టెంబరులో లేడీ ఎల్గిన్ అనే ఆవిరి ఓడను ఒక తెరచాప ఓడ రాత్రివేళ ఢీకొనడంతో సుమారు మూడు వందల మంది ఈ తీరానికి దగ్గరలోనే జలసమాధి అయ్యారు. ఇక్కడ దీపం కావాలని ఆ తర్వాత ఊరివారు గట్టిగా కోరారు. అంతర్యుద్ధం వల్ల పని ఆలస్యమై, 1873లో ఈ స్తంభం పూర్తయింది. పైన ఉన్నది రెండో శ్రేణి ఫ్రెనెల్ లెన్స్ (శ్రేణి అంటే లెన్స్ పరిమాణం, అంకె తగ్గేకొద్దీ లెన్స్ పెద్దది). మహా సరస్సుల మీద అంత పెద్దవి చాలా కొద్ది చోట్లే అమర్చారు. సికింద్రాబాద్‌లో బీఎస్సీ విద్యార్థుల చేత ఫ్రెనెల్ బైప్రిజం ప్రయోగం ఏళ్ల తరబడి చేయించినదాన్ని కాబట్టి, ఆ శాస్త్రవేత్త పేరుతోనే ఉన్న నిలువెత్తు గాజు నిర్మాణాన్ని దగ్గరగా చూడటం నాకు ఎంత ఆనందాన్నిచ్చిందో మాటల్లో చెప్పలేను.

దాని పనితీరు తెలుసుకుంటే మిగతా యాత్రంతా వేరుగా కనిపిస్తుంది. నూనె దీపం వెలుగు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. ఆకాశంలోకి పోయిన వెలుగూ నేల మీద పడిన వెలుగూ ఓడకు పనికిరావు. ఫ్రెనెల్ రూపొందించిన అమరికలో దీపానికి ఎదురుగా మధ్యభాగంలో కుంభాకార కటకం, దానికి పైనా కిందా మెట్లుమెట్లుగా గాజు పట్టకాలు ఉంటాయి. మధ్యభాగం వక్రీభవనంతోనూ (గాజు గుండా పోతూ వెలుగు వంగడం), అంచుల్లోని పట్టకాలు సంపూర్ణాంతర పరావర్తనంతోనూ (గాజు లోపలి తలం అద్దంలా వెలుగును తిప్పిపంపడం) ఆ చెదిరిన కిరణాలను వంచి, క్షితిజ సమాంతరంగా ఒక్క పట్టీగా నీటి మీదకు పంపుతాయి. మందపాటి కటకం ఒక్కటే వాడితే మోయలేనంత బరువయ్యేది, గాజులోనే కొంత వెలుగు పోయేది. 1823లో ఫ్రాన్స్‌లోని కోర్డువాన్ లైట్‌హౌస్‌లో తొలిసారి వెలిగిన ఈ పద్ధతి ఆ తర్వాత ప్రపంచమంతా పాకింది. ఫ్రెనెల్ మాత్రం 1827లో, 39 ఏళ్ల వయసులోనే క్షయతో మరణించారు. గ్రోస్ పాయింట్‌లో మాకు ఇదంతా వివరించిన స్థానిక మార్గదర్శకురాలు ఇంకా చెప్పాలని ఉత్సాహపడుతుండగానే, బస్సు బయలుదేరే వేళయిందని మా టూర్ మేనేజర్ చేతి గడియారం చూపించారు. యాత్ర మొదటి చోటే ఇలా జరగడం నాకు బాధ కలిగించింది.

అదే రోజు షికాగో రేవులో పడవ మీద నుంచి చూపించిన హార్బర్ లైట్‌ను 1893లో, అక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగిన సంవత్సరంలోనే కట్టారు. 1919లో ఇప్పుడున్న గట్టు మీదికి తరలించారు. లోపలికి ప్రవేశం లేదు. అయినా మా బృందంలోని సికింద్రాబాద్ వారమంతా అటే చూస్తూ ఉండిపోయాం, ఎందుకంటే స్వామి వివేకానంద ఆ ఏడాది ఫిబ్రవరిలో మన మహబూబ్ కళాశాలలో ఉపన్యసించి, సెప్టెంబరులో ఇదే నగరంలో సర్వమత మహాసభలో మాట్లాడారు. ఈ సంబంధాన్ని సంస్థ తన కార్యక్రమంలో ఎక్కడా ప్రస్తావించకపోవడం ఆశ్చర్యం. హైదరాబాద్ యాత్రికులకు చెప్పదగిన మొదటి మాట అదే.

విస్కాన్సిన్ తీరంలో రెసీన్ దగ్గర 1880 నాటి విండ్ పాయింట్ స్తంభాన్ని పచ్చిక మీద నిలబడి చూసి, ఫోటోలు తీసుకుని కదిలాం. మిల్వాకీలోని నార్త్ పాయింట్ మాత్రం ఆసక్తికరమైనది. చుట్టూ ఉన్న ఉద్యానవనంలో చెట్లు ఎదిగి దీపానికి అడ్డు వచ్చేసరికి, 1913 నాటికి కింద కొత్త ఉక్కు భాగాన్ని కట్టి పాత స్తంభాన్ని దాని మీద నిలబెట్టి ఎత్తు పెంచారు. ఇక్కడ జార్జియా స్టెబిన్స్ అనే మహిళ 1881 నుంచి 1907 వరకు దీపపు కాపరిగా పనిచేశారు. ఆమె గదులు చూడటానికి తగినంత సమయం ఇచ్చారు, అందుకు సంస్థను అభినందించాలి.

మానిటోవాక్ నుంచి లడింగ్టన్ వరకు సరస్సును అడ్డంగా దాటించే ఎస్ఎస్ బ్యాడ్జర్ అనే ఓడ ప్రయాణం ఈ యాత్రకు మకుటం. బొగ్గుతో నడిచే ప్రయాణికుల ఆవిరి ఓడల్లో అమెరికాలో ఇప్పటికీ సేవలో మిగిలింది ఇదొక్కటే. 1953 నుంచి తిరుగుతున్న ఈ ఓడను మొదట రైలు పెట్టెలను సరస్సు దాటించడానికి ఒక రైల్వే కంపెనీ కట్టించింది. ఇప్పుడు కార్లనూ బస్సులనూ మోస్తోంది. సుమారు నాలుగు గంటల ప్రయాణం. మా బృందంలో దక్షిణ మధ్య రైల్వేలో లోకో ఇన్‌స్పెక్టర్‌గా పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు ఉన్నారు. పొగగొట్టం దగ్గర నిలబడి, "చూశారా మేడమ్, బొగ్గు వాసన పీల్చి ఎన్నేళ్లయిందో!" అని ఆయన అన్నప్పుడు ఆయన కళ్లలో కనిపించిన సంతోషం చూడవలసిందే. ఓడలో బింగో ఆడించారు. మన కాలనీ సంఘాల్లో తంబోలా ఆడిన అనుభవం ఉన్న మా ఆడవాళ్లకు ఎవరూ నేర్పవలసిన అవసరం కలగలేదు. గడియారం ఒక గంట ముందుకు జరుగుతుందని ముందే చెప్పి అందరి చేతా మార్పించారు, అది మంచి పని. లడింగ్టన్ చేరేటప్పుడు రేవు గట్టు చివర 1924లో కట్టిన తెల్లటి దీపగృహం ఓడకు పక్కగా వస్తుంది. అలల తాకిడిని చీల్చడానికి దాని పునాదిని ఓడ ముక్కు ఆకారంలో పోశారు. దాన్ని గట్టు మీద నుంచి చూసేవారికంటే ఓడ మీద నుంచి చూసేవారికే ఆ ఆకారంలోని ఆలోచన బాగా అర్థమవుతుంది.

బిగ్ సేబుల్ పాయింట్ గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే నేను అందరికంటే ఎక్కువగా ఇష్టపడిన చోటూ ఇదే, సంస్థ అందరికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టిన చోటూ ఇదే. లడింగ్టన్ స్టేట్ పార్కులో బస్సు ఆగిన దగ్గర నుంచి స్తంభం దాకా దాదాపు మూడు కిలోమీటర్లు ఇసుక దిబ్బల మధ్య నడవాలి, మళ్లీ అంతే దూరం తిరిగి రావాలి. ప్రయాణ పట్టికలో ఈ నడక ప్రస్తావనే లేదు. మోకాళ్ల నొప్పులున్న ఇద్దరు వదినగార్లు సగం దారి నుంచి వెనక్కి వెళ్లిపోయారు. స్తంభాన్ని సంరక్షించే సంఘం కొన్ని ప్రత్యేకమైన రోజుల్లో సందర్శకులను వాహనంలో తీసుకువెళుతుంది. పెద్దవయసు వారితో నడిపే యాత్రకు తేదీలు నిర్ణయించేటప్పుడు ఆ రోజులను చూసుకోవడం కష్టమేమీ కాదు.

నడిచి వెళ్లినవారికి దక్కేది మాత్రం అపురూపం. 1867లో మిల్వాకీ లేత పసుపు ఇటుకతో కట్టిన 112 అడుగుల స్తంభం గాలికీ మంచుకూ పొరలు పొరలుగా రాలిపోతుంటే, 1900లో దాని చుట్టూ ఇనుప రేకుల తొడుగు బిగించారు. నలుపు తెలుపు పట్టీలు పగటివేళ ఓడలు గుర్తుపట్టడానికి వేసినవి. 130 మెట్లు ఎక్కితే ఒకవైపు అంతులేని నీలం, మరోవైపు మనిషి కట్టడం ఒక్కటీ కనిపించని దిబ్బలు. కాపరుల ఇంట్లో ఇప్పుడు స్వచ్ఛంద సేవకులు వంతులవారీగా వచ్చి కొద్ది రోజులు ఉండి, సందర్శకులకు అన్నీ చూపిస్తారు. వారిలో చాలామంది మావంటి పదవీ విరమణ చేసినవారే. తమ ఖర్చులతో వచ్చి, గచ్చు తుడిచి, మెట్ల దగ్గర కాపలా ఉండి, అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబిస్తున్న ఆ భార్యాభర్తలను చూసి, మన కుతుబ్‌షాహీ కట్టడాల దగ్గర ఇలాంటి సేవకు పేరు నమోదు చేసుకునే ఏర్పాటు ఉంటే నేనే ముందుండేదాన్నని అనిపించింది.

దక్షిణాన ఉన్న లిటిల్ సేబుల్ స్తంభాన్ని 1874లో కట్టారు. కాపరుల ఇల్లు ఎప్పుడో కూల్చేశారు కాబట్టి ఇసుకలో ఎర్ర ఇటుక స్తంభం ఒంటరిగా నిలబడి ఉంటుంది. పైన అసలు నాటి మూడో శ్రేణి ఫ్రెనెల్ లెన్స్ ఇంకా ఉంది. ఎక్కేవారి వరుస పొడవుగా ఉండటంతో మాలో సగం మందికి పైకి వెళ్లే అవకాశమే రాలేదు. ఆ సాయంత్రం హోటల్ చేరాక సూర్యాస్తమయానికి ఇంకా చాలా సేపు మిగిలి ఉంది. జూలైలో ఆ తీరంలో తొమ్మిది దాటాక గానీ పొద్దు వాలదు. హోటల్‌లో ఊరికే గడిచిన ఆ రెండు గంటలూ స్తంభం దగ్గర గడిపి ఉండవచ్చు.

గ్రాండ్ హేవెన్, హాలండ్, సౌత్ హేవెన్, సెయింట్ జోసెఫ్ ఊళ్లలోని దీపాలన్నీ రేవు గట్ల మీద ఉన్నవి. వీటిని "ఎక్కి చూసే" స్థలాల జాబితాలో చేర్చడం సంస్థ చేసిన స్పష్టమైన పొరపాటు, ఎందుకంటే సామాన్యంగా వీటిని బయటి నుంచే చూడాలి. అలాగని వీటిని వదిలేయకూడదు. తుపానులో అలలు గట్టును ముంచెత్తినప్పుడు కాపరి దీపం దాకా చేరడానికి తల ఎత్తున కట్టిన ఇనుప నడవా సౌత్ హేవెన్‌లోనూ గ్రాండ్ హేవెన్‌లోనూ నేటికీ ఉంది. గ్రాండ్ హేవెన్‌లో దాన్ని తీసివేయాలనుకున్నప్పుడు ఊరివారు చందాలు వేసుకుని నిలబెట్టుకున్నారు. హాలండ్‌లోని ఎర్రటి దీపగృహాన్ని కాలువకు ఇవతల ఉన్న స్టేట్ పార్కు ఒడ్డు నుంచి చూస్తాం. రేవులోకి తిరిగి వచ్చే ఓడకు కుడివైపు ఎరుపు ఉండాలన్న నియమం ప్రకారం దానికి 1956లో ఎర్ర రంగు వేశారు. మేము గ్రాండ్ హేవెన్ చేరిన రోజున గాలి ఎక్కువగా ఉండి ఎర్ర జెండా ఎగురవేశారు. బృందంలో కొందరు గట్టు చివరిదాకా వెళతామని పట్టుబట్టినా టూర్ మేనేజర్ ఒప్పుకోలేదు. అక్కడి గట్ల మీద నుంచి అలలు మనుషులను ఈడ్చుకుపోయిన సందర్భాలున్నాయి కాబట్టి ఆ విషయంలో ఆయన కాఠిన్యం నూటికి నూరుపాళ్లూ సరైనది.

ఇక నా ప్రధానమైన ఫిర్యాదు ఇండియానాలోని మిషిగన్ సిటీలో జరిగినదాని గురించి. అక్కడ 1858 నాటి పాత లైట్‌హౌస్ ఇప్పుడు మ్యూజియం. హ్యారియెట్ కోల్ఫాక్స్ అనే మహిళ 1861 నుంచి 1904 వరకు, అంటే ఎనభై ఏళ్ల వయసు వచ్చేదాకా, ఇక్కడ దీపపు కాపరి. ఇంటి మీది దీపంతో పాటు, చాలా ఏళ్ల పాటు రేవు గట్టు చివరి దీపాన్ని కూడా ఆమే వెలిగించవలసి వచ్చేది. ఆ రోజుల్లో దీపాలకు వాడిన పంది కొవ్వు నూనె చలికి గడ్డకడుతుంది. ఆమె దాన్ని పొయ్యి మీద వేడిచేసి, చల్లారేలోపల అలలు తాకే గట్టు మీదుగా మోసుకువెళ్లేది. ఒక్కోసారి గాలికీ మంచుకూ సగం దారిలోనే నూనె గడ్డకడితే వెనక్కి వచ్చి మళ్లీ కాచుకుని వెళ్లేది. నలభై ఏళ్లకు పైగా ఇదే పని. ఇలాంటి చోట మాకు దక్కినది అరగంట. ఆ తర్వాత దగ్గరలోని ఔట్‌లెట్ మాల్‌లో మూడు గంటలు విడిచిపెట్టారు. మనవలకు బట్టలు కొనుక్కోవాలని కొందరికి ఉండటం సహజం, వారిని నేను తప్పుపట్టను. కానీ షికాగోలో పిల్లల ఇంట్లో నెలల తరబడి ఉండే వారికి మాల్‌కు వెళ్లే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆ మ్యూజియంలో ఇంకో గంట నిలబడే అవకాశం మాత్రం మళ్లీ రాదు.

భోజనం విషయంలో లోటు లేదు. షికాగో, మిల్వాకీలలో భారతీయ భోజనశాలలు చూపించారు. చిన్న ఊళ్లలో హోటల్ గదులకే పులిహోర, పెరుగన్నం, ఉప్మా అందించారు. దారి పక్క తోటల దగ్గర బస్సు ఆపి కొనిపించిన చెర్రీపండ్ల రుచి అందరూ మెచ్చుకున్నారు. హోటళ్లు శుభ్రంగా ఉన్నాయి, లిఫ్టు లేని చోట కింది అంతస్తులోనే గదులు ఇప్పించారు. బస్సులో తెలుగులో వివరించే మనిషి లేకపోవడం మాత్రం పెద్ద లోపం. మా టూర్ మేనేజర్ సేవాభావం గలవారే గానీ, ఆయనకు తెలిసినది బస, భోజనం, సమయపాలన. ఇంగ్లీషులో స్థానికులు చెప్పినదాన్ని నేనూ లోకో ఇన్‌స్పెక్టర్ గారూ వెనక సీట్ల వారికి తెలుగులో చెబుతూ వచ్చాం.

ఈ యాత్రకు ఎవరు వెళ్లవచ్చునని మా బంధువులు అడుగుతున్నారు. మెట్లు ఎక్కగలిగి, ఇసుకలో నడవగలిగి, చరిత్ర మీదా యంత్రాల మీదా కుతూహలం ఉన్నవారు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. నయాగరా వంటి దృశ్యాన్ని ఆశించేవారికి ఇది నచ్చకపోవచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు లోపల వెళ్లాలి, ఎందుకంటే అక్టోబరు తర్వాత చాలా స్తంభాల తలుపులు మూసేస్తారు. గాలి ఆపే పల్చటి కోటు, జారని బూట్లు తప్పనిసరి.

తిరిగి వచ్చాక నా సూచనలను సంస్థకు రాసి పంపాను: రెసీన్‌నూ సెయింట్ జోసెఫ్‌నూ తీసివేసి ఆ సమయాన్ని గ్రోస్ పాయింట్‌కూ మిషిగన్ సిటీ మ్యూజియానికీ ఇవ్వాలని, మాల్‌ను కోరినవారికి మాత్రమే పరిమితం చేయాలని, బిగ్ సేబుల్‌కు వాహనం నడిచే రోజునే వెళ్లేలా తేదీలు మార్చాలని కోరాను. మొదటిదీ చివరిదీ వచ్చే వేసవి నుంచి అమలు చేస్తామని జవాబు వచ్చింది. మాల్ గురించి ఆలోచిస్తామన్నారు. బుక్ చేసుకోదలచినవారు కొత్త ప్రయాణ పట్టికను రాతపూర్వకంగా తెప్పించుకుని, ఏ స్తంభం లోపలికి ప్రవేశం ఉందో, ఏది బయటి నుంచి చూసేదో, ఒక్కొక్క చోట ఎంతసేపు ఆగుతారో అందులో స్పష్టంగా ఉందని చూసుకున్న తర్వాతే అడ్వాన్సు చెల్లించాలి.